100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో డౌన్‌లోడ్ 11 దగ్గరే ఆగిపోతోంది, ఆపరేటర్ మోసం చేస్తున్నాడా?

నమస్కారమండీ. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఒంగోలులో మీకు ఫొటో స్టూడియో ఉంది. ఈమధ్యే నెట్ కనెక్షన్‌ను 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మార్చుకున్నారు. స్పీడ్ టెస్ట్ పెడితే 94 వస్తోంది. అదే పెద్ద ఫైలు ఏదైనా దించుకునేటప్పుడు డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ 11.2 కంటే ఎక్కువ చూపించడం లేదు. ఆపరేటర్‌ను అడిగితే "అంతే వస్తుంది సార్" అని ఫోన్ పెట్టేశాడు. తొమ్మిదో వంతు వేగం ఇచ్చి పూర్తి డబ్బు తీసుకుంటున్నాడేమో అన్నది మీ అనుమానం. దానితో పాటు, 40 జీబీ పెళ్లి వీడియోను ఎడిటింగ్ కోసం హైదరాబాదు పంపాలంటే ఎంతసేపు పడుతుందని కూడా అడిగారు.

మోసం ఏమీ లేదు. మీకు రావలసిన వేగం పూర్తిగా వస్తోంది. స్పీడ్ టెస్ట్ చూపించే 94, డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ చూపించే 11.2, రెండూ ఒకే వేగాన్ని రెండు కొలతల్లో చెబుతున్నాయి. స్పీడ్ టెస్ట్ సెకనుకు ఎన్ని మెగాబిట్లు వస్తున్నాయో చెబుతుంది, ప్లాన్ పేరులోని ఎంబీపీఎస్ అన్నా అదే. డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ సెకనుకు ఎన్ని మెగాబైట్లు వస్తున్నాయో చెబుతుంది. ఒక బైటుకు 8 బిట్లు. కాబట్టి మెగాబిట్ల అంకెను 8తో భాగిస్తే మెగాబైట్లు వస్తాయి, మెగాబైట్ల అంకెను 8తో గుణిస్తే మెగాబిట్లు వస్తాయి. నోటి లెక్క కావాలంటే మూడు సార్లు సగం చేయండి: 100లో సగం 50, అందులో సగం 25, అందులో సగం పన్నెండున్నర.

ఇంగ్లీషులో రాసినప్పుడు చిన్న బీ ఉంటే బిట్ అని, పెద్ద బీ ఉంటే బైట్ అని అర్థం. ప్లాన్ల ప్రకటనల్లో, రౌటర్ పెట్టెల మీద, స్పీడ్ టెస్టుల్లో చిన్న బీ ఉంటుంది. ఫైళ్ల పరిమాణాల్లో, పెన్‌డ్రైవ్‌ల మీద, కాపీ అవుతున్నప్పుడు కనిపించే కిటికీలో పెద్ద బీ ఉంటుంది. మనం మాట్లాడేటప్పుడు రెండింటినీ "ఎంబీ" అనే అంటాం కనుక ఫోన్లో విన్న అంకెను బట్టి ఎప్పుడూ తీర్మానానికి రావద్దు. తెర మీద ఉన్న అక్షరాన్ని చూసి మాట్లాడండి.

వేగాన్ని బిట్లలోనే చెప్పడం వినియోగదారుడిని మభ్యపెట్టడానికి పెట్టుకున్న పద్ధతి అని చాలామంది నాతో అన్నారు. అది సరికాదు. తీగ మీద గానీ, ఫైబర్‌లో గానీ సమాచారం ఒక బిట్ వెనుక ఒక బిట్‌గా వెళుతుంది, అందుకని లైను వేసేవాళ్లు, పరికరాలు తయారు చేసేవాళ్లు మొదటినుంచీ సెకనుకు ఎన్ని బిట్లు అనే లెక్కించారు. కంప్యూటర్ మెమరీలో, డిస్కులో సమాచారం ఎనిమిదేసి బిట్ల కట్టలుగా నిలవ ఉంటుంది కనుక ఫైళ్లను బైట్లలో లెక్కించారు. పాత డయలప్ మోడెమ్ మీద 56 అని రాసి ఉంటే అది 56 కిలోబిట్లు, అంటే సెకనుకు 7 కిలోబైట్లు. మన దేశంలో 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కిలోబిట్ల వేగాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనడానికి కనీస అర్హతగా పెట్టింది. అప్పుడు కూడా తెర మీద కనబడింది 32 కిలోబైట్లే, అప్పుడు కూడా జనం ఇదే ప్రశ్న అడిగారు. ఆ కనీస వేగం 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెరిగింది. ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇచ్చిన రోజుల్లో మా వైపు పల్లెల్లో అందరూ అడిగింది "పదిహేను అన్నారు, ఒకటిన్నర వస్తోంది" అనే.

ఇప్పుడు మీ అంకెల్ని వరుసగా చూద్దాం, ఎందుకంటే 100ని 8తో భాగిస్తే 12.5 రావాలి గానీ 11.2 ఎందుకు వచ్చిందని మీరు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. ఇందులో రెండు తగ్గుదలలు ఉన్నాయి.

మొదటిది 100 నుంచి 94కు. మీ ఫైలు లైను మీద ముక్కలు ముక్కలుగా ప్యాకెట్లలో వస్తుంది. ఒక నిండు ప్యాకెట్ ఈథర్‌నెట్ తీగ మీద 1538 బైట్ల చోటు తీసుకుంటుంది. అందులో చిరునామాలు, సరిచూసుకునే అంకెలు, ప్యాకెట్‌కూ ప్యాకెట్‌కూ మధ్య వదలాల్సిన ఖాళీ అన్నీ పోగా మీ ఫైలుకు దక్కేది 1460 బైట్లు. మీది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి లాగిన్ అయ్యే పీపీపీఓఈ కనెక్షన్ అయితే అందులో మరో 8 పోయి 1452 మిగులుతాయి. 1452ని 1538తో భాగిస్తే 94.4 శాతం. మీ స్పీడ్ టెస్టులో వచ్చిన 94 ఇదే. ఇది ఆపరేటర్ చేతిలో ఉన్న విషయం కాదు, లైను సవ్యంగా ఉందనడానికి ఇది గుర్తు. కొందరు ఆపరేటర్లు ఈ తరుగును దృష్టిలో పెట్టుకుని పరిమితిని కొంచెం ఎక్కువకు పెడతారు. వాళ్ల దగ్గర టెస్టులో 100 దాటి కూడా రావచ్చు, అయితే దానికి మీ పరికరంలో గిగాబిట్ (అంటే 1000 మెగాబిట్ల) పోర్ట్ ఉండాలి.

రెండోది మెగా అంటే ఎంత అన్న తేడా. 94ని 8తో భాగిస్తే 11.75 మెగాబైట్లు. ఇక్కడ మెగా అంటే పది లక్షలు. నెట్‌వర్క్ రంగంలో కిలో అంటే ఎప్పుడూ 1000, మెగా అంటే ఎప్పుడూ పది లక్షలు. విండోస్, చాలా డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్లు మాత్రం కిలోకు 1024 లెక్క వాడతాయి. ఆ లెక్కన ఒక మెగాబైట్‌లో 10,48,576 బైట్లు ఉంటాయి. 11.75ను ఆ పెద్ద మెగాబైట్లలోకి మారిస్తే 11.2 వస్తుంది. మీ తెర మీద ఉన్నది సరిగ్గా అదే అంకె.

నెల్లూరు రైతుకు పుట్టి అంటే 850 కిలోల వడ్లు. అదే పుట్టి ఇంకో ప్రాంతంలో ఇంకో తూకానికి చెల్లుతుంది కనుక, బేరం మొదలు పెట్టే ముందే ఏ పుట్టి అన్నది తేల్చుకుంటారు. మెగాబైట్ విషయంలో కూడా ఆ పని ముందే చేయాలి. ఈ గందరగోళం పోవాలనే అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో 1024 లెక్కకు కిబి, మెబి, గిబి అనే వేరే పేర్లు పెట్టింది. లినక్స్‌లో, టొరెంట్ సాఫ్ట్‌వేర్లలో ఆ పేర్లు కనిపిస్తాయి. ఆపిల్ 2009 నుంచి మ్యాక్ కంప్యూటర్లలో ఫైళ్ల పరిమాణాన్ని 1000 లెక్కలోనే చూపిస్తోంది. విండోస్ ఇప్పటికీ 1024 లెక్క కట్టి పేరు మాత్రం పాతదే రాస్తోంది. కిలో దగ్గర ఈ తేడా 2.4 శాతం, మెగా దగ్గర దాదాపు 5, గిగా దగ్గర 7.4, టెరా దగ్గర 10 శాతం. కొత్తగా కొన్న 1 టీబీ హార్డ్‌డిస్క్ విండోస్‌లో 931 జీబీగా కనిపించడానికి కారణం ఇదే, డిస్కులో ఏ లోపమూ లేదు.

ఈ రెండు తగ్గుదలలూ కలిపితే మీరు అనుమానపడిన తొమ్మిదో వంతే వస్తుంది. అందుకే నేను మా ఖాతాదారులకు ఇలా చెబుతాను: కాగితం మీద లెక్కకు 8తో భాగించండి, విండోస్ తెర మీద ఎంత కనబడాలో తెలియాలంటే ప్లాన్ అంకెను 9తో భాగించండి. 40 ప్లాన్ అయితే నాలుగున్నర దగ్గర, 100 అయితే 11 పైన, 300 అయితే 33 పైన కనిపించాలి. ఇంతకంటే బాగా తగ్గితేనే ఫిర్యాదు గురించి ఆలోచించాలి.

మీ రెండో ప్రశ్నకు వేగం ఒక్కటే చాలదు, సమయం కావాలి. దీనికి సెకన్లలో లెక్క వేసి 3600తో భాగించి అవస్థ పడేకన్నా ఒక వరుస గుర్తు పెట్టుకోవడం మేలు. 1 ఎంబీపీఎస్ వేగం అంటే నిమిషానికి ఏడున్నర మెగాబైట్లు, గంటకు 450 మెగాబైట్లు, రోజుకు 10.8 గిగాబైట్లు. నా పనిలో నేను రోజూ వాడేది ఈ ఒక్క వరుసే. మీ లైను వేగం ఎంతో దాన్ని ఈ అంకెలతో గుణిస్తే చాలు.

మీ వీడియో ఫోల్డర్ విండోస్‌లో 40 జీబీ అని ఉంటే అసలు బైట్లు 4,295 కోట్లు, అంటే 1000 లెక్కలో దాదాపు 43 జీబీ. పంపడానికి కావలసింది అప్‌లోడ్ వేగం, డౌన్‌లోడ్ వేగం కాదు. మీ ప్రశ్నలో అప్‌లోడ్ అంకె లేదు. స్పీడ్ టెస్టులో రెండో అంకెగా వచ్చేది అదే, దాన్ని చూడండి. అది కూడా 94 ఉంటే గంటకు 42 జీబీ చొప్పున వెళుతుంది, కనుక గంట దాటగానే పని అయిపోతుంది. అప్‌లోడ్ 20 మాత్రమే ఉంటే గంటకు 9 జీబీ, మీ వీడియోకు నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలు పడుతుంది. రిసెప్షన్ అయిన రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకు వెళ్లిపోతుంది. అప్‌లోడ్ 5 ఉంటే మాత్రం పంతొమ్మిది గంటలు. అలాంటప్పుడు హార్డ్‌డిస్క్‌ను సాయంత్రం హైదరాబాదు బస్సులో పార్సిల్ వేయడమే త్వరగా చేరుతుంది. ఇది పొదుపు సలహాగా కాక లెక్క ప్రకారమే చెబుతున్నాను.

ప్లాన్‌లో నెలకు ఇంత అని పరిమితి ఉందేమో కూడా చూసుకోండి. అపరిమితం అని చెప్పే చాలా ప్లాన్లలో 3300 జీబీ దాటాక వేగం తగ్గించే నిబంధన ఉంటుంది. 100 ఎంబీపీఎస్ లైను ఆగకుండా నడిస్తే గంటకు 45 జీబీ కనుక ఆ 3300 మూడు రోజుల్లో అయిపోతుంది. మామూలు ఇంటికి ఇది ఎప్పటికీ అడ్డు రాదు, వారానికి నాలుగైదు పెళ్లిళ్ల ఫుటేజీ పంపే స్టూడియోకు ముహూర్తాల నెలలో రావచ్చు.

బిట్, బైట్ తేడా వల్ల డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా కెమెరాల దగ్గర, అందుకని ఆ సంగతి కొంచెం వివరంగా చెబుతాను. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద నాలుగు కెమెరాలు పెట్టించుకున్న ఒక రైతు, నెల రోజుల రికార్డింగ్ ఉండాలని అడిగారు. అంతకుముందు ఒకరు ఆయనకు రాసిచ్చిన కాగితంలో, ఒక టీబీ డిస్క్ ఒకటిన్నర రోజుకే నిండుతుందనీ, నెలకు ఇరవైకి పైగా టీబీలు కావాలనీ ఉంది. కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే పెట్టె, డీవీఆర్, సెట్టింగుల్లో ఒక్కో కెమెరాకు 2048 అని ఉంది. దాన్ని ఆ కాగితం రాసినవారు కిలోబైట్లు అనుకున్నారు. అది కిలోబిట్లు. నాలుగు కెమెరాలకు కలిపి 8192 కిలోబిట్లు, అంటే 8.19 ఎంబీపీఎస్. దాన్ని పైన చెప్పిన 10.8తో గుణిస్తే రోజుకు 88.5 జీబీ. ఒక టీబీ డిస్కులో పదకొండు రోజుల పైన పడుతుంది. ముప్పై రోజులకు 2654 జీబీ. 3 టీబీ డిస్క్ బొటాబొటిగా సరిపోతుంది గానీ, రాత్రి పూట నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరిగేటప్పుడు నీటి కదలికకు బిట్‌రేట్ పెరిగే సెట్టింగ్ పెట్టుకుంటారు కనుక 4 టీబీ తీసుకోమన్నాను. ఒక్క డిస్కుతో పని అయిపోయింది.

ఆయనకు ఇంకో కోరిక ఉంది, ఒంగోలులో ఇంటి నుంచి చెరువును ఫోన్లో చూసుకోవాలని. చెరువు దగ్గర ఫైబర్ లేదు, 4జీ సిమ్ వేసిన రౌటర్ ఉంది, రోజుకు 2 జీబీ డేటా. నాలుగు కెమెరాలనూ పూర్తి నాణ్యతతో చూస్తే గంటకు 3.7 జీబీ, అంటే అరగంట దాటిన కాసేపటికే డేటా ఖాళీ. డీవీఆర్‌లో సబ్‌స్ట్రీమ్ అని, తక్కువ నాణ్యతతో బొమ్మ పంపే రెండో సెట్టింగ్ ఉంటుంది. దాన్ని కెమెరాకు 512 కిలోబిట్లకు పెడితే మొత్తం 2.05 ఎంబీపీఎస్, గంటకు 920 మెగాబైట్లు, కాబట్టి రెండు గంటల పది నిమిషాలు చూడవచ్చు. మేత వేసే వేళల్లో ఒక్క కెమెరానే తెరిచి చూసుకుంటే ఆ రోజుకు సరిపోతుంది. 2 జీబీ అయిపోయాక ఏమవుతుందన్నది కూడా ముందే లెక్క చెప్పాను. మొబైల్ ప్లాన్లలో రోజువారీ డేటా అయిపోయాక సాధారణంగా వేగం 64 కిలోబిట్లకు పడిపోతుంది. అది సెకనుకు 8 కిలోబైట్లే. ఒక మెగాబైట్ ఫొటో రావడానికి రెండు నిమిషాలు దాటుతుంది. ఒక్క కెమెరాకు కావలసిన 512లో అది ఎనిమిదో వంతు, కనుక బొమ్మ కదలదు. కెమెరా పాడైందని ఎవరినీ పిలవనవసరం లేదు.

మీ 11.2 అంకె గురించి ఇంకొక మాట చెప్పాలి, ఇది మీకు తర్వాత పనికొస్తుంది. కాపీ లేదా డౌన్‌లోడ్ వేగం 11 దగ్గర కదలకుండా నిలబడితే, దారిలో ఎక్కడో 100 మెగాబిట్ల దగ్గర లైను ఆగుతోందని అర్థం. గిగాబిట్ లైను సవ్యంగా ఉంటే అదే అంకె 112 దగ్గర నిలబడుతుంది. మీ విషయంలో ప్లానే 100 కనుక 11 రావడం సరైనదే. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో మాత్రం అది సరైనది కాదు. అక్కడ పలకల ఫొటోలు తీసి సర్వర్లో పెడతారు, స్విచ్చి, కంప్యూటర్లు అన్నీ గిగాబిట్‌వే. అయినా ఒక కంప్యూటర్ నుంచి కాపీ 11.2 దాటడం లేదు. సర్వర్ పాతబడిందని మార్చే ఆలోచనలో ఉన్నారు. అంకె చూడగానే నేను సర్వర్ జోలికి వెళ్లకుండా ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ స్టేటస్ తెరిచాను, లింక్ 100 అని ఉంది. గిగాబిట్‌కు కేబుల్లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కు నారింజ, ఆకుపచ్చ జతలు రెండూ చాలు. కనెక్టర్‌ను వెలుతురులో పెట్టి చూస్తే బ్రౌన్ జతలో ఒక తీగ పిన్ను దాకా చేరలేదు. ఒక జత తెగితే చాలా నెట్‌వర్క్ కార్డులు ఏ హెచ్చరికా లేకుండా 100కు దిగిపోతాయి. కొత్త కనెక్టర్ వేసి క్రింప్ చేశాక అంకె 112 అయింది. అంతకుముందు 30 జీబీ ఫోల్డర్‌కు ముప్పావు గంట పట్టేది ఐదు నిమిషాల లోపుకు వచ్చింది.

సముద్రానికి దగ్గర ఊళ్లలో, ఇందుకూరుపేట, అల్లూరు, కొత్తపట్నం లాంటి చోట్ల, ఉప్పుగాలికి పిన్నులకు చిలుము పట్టి కూడా ఇదే జరుగుతుంది. మీరు రేపు 200 ప్లాన్‌కు మారినప్పుడు 22 రావలసిన చోట ఇంకా 11.2 దగ్గరే ఉంటే, ఆపరేటర్‌తో వాదించే ముందు ఆయన ఇచ్చిన పరికరంలో గిగాబిట్ పోర్ట్ ఉందా, మీ కేబుల్ గిగాబిట్ మోస్తోందా చూడండి. 300 అని పెట్టె మీద రాసిన చవక రౌటర్లు చాలావాటికి వెనుక ఉన్న పోర్టులు 100వే. ఆ 300 వైఫై గాలిలో చెప్పే లింక్ వేగం మాత్రమే.

వైఫై సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫోన్లో వైఫై వివరాల దగ్గర కనిపించే 72, 144 లాంటి అంకెలు లింక్ వేగాలు. అసలు పనికి దక్కేది అందులో సగం, మహా అయితే కొంచెం ఎక్కువ. 72 లింక్ మీద టెస్టులో 40 వస్తే అది మంచి ఫలితమే, దాన్ని 8తో భాగిస్తే 5 మెగాబైట్లు. లైను వేగం తేల్చుకోవాలంటే వైఫై మీద చేసిన ఏ పరీక్షనూ నేను లెక్కలోకి తీసుకోను.

8తో భాగించడం ఎక్కడ చెల్లదో కూడా చెప్పాలి. కొన్ని పాత, కొత్త లైన్లలో 10తో భాగించాలి. వేబ్రిడ్జి దగ్గర బరువు చూపించే ఇండికేటర్ కంప్యూటర్‌కు సీరియల్ కేబుల్ మీద సమాచారం పంపుతుంది, వేగం 9600 అనో 2400 అనో పెడతారు. అక్కడ ప్రతి అక్షరానికి 8 బిట్లతో పాటు మొదట్లో ఒకటి, చివర ఒకటి అదనంగా వెళతాయి, కనుక 9600 అంటే సెకనుకు 960 అక్షరాలు, 2400 అంటే 240. మీరు రోజూ వాడే హార్డ్‌డిస్క్ తీగలో కూడా ఇదే లెక్క: 6 గిగాబిట్ల సాటా అంటే 600 మెగాబైట్లు, 750 కాదు. 5 గిగాబిట్ల యూఎస్‌బీ 3 అంటే గరిష్ఠం 500. ఎనిమిది బిట్లను పది బిట్లుగా మార్చి పంపే పద్ధతి వాటిలో ఉంది. యూఎస్‌బీ 2కు 480 మెగాబిట్లు, కాగితం మీద 60 మెగాబైట్లు, ఆచరణలో 35 నుంచి 40. మీ కెమెరా కార్డు రీడర్ పాత పోర్టులో పెట్టి 64 జీబీ కార్డును ఖాళీ చేయడానికి అరగంట పడుతోందంటే తప్పు కార్డుది కాదు. నీలం రంగు పోర్టులోకి మార్చి చూడండి. నెట్ ప్లాన్లకు మాత్రం ఈ పది లెక్క వర్తించదు, అక్కడ ఎనిమిదే.

ఇక ఫిర్యాదు ఎప్పుడు చేయాలి? ల్యాప్‌టాప్‌ను వైఫై ఆపి, ఆపరేటర్ పరికరానికి కేబుల్‌తో నేరుగా కలిపి, ఇంట్లో మరెవరూ నెట్ వాడని సమయంలో స్పీడ్ టెస్ట్ పెట్టండి. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిది గంటలకు ఒకసారి, కొన్ని రోజులు. అంకెను మెగాబిట్లలోనే రాసుకోండి. పొద్దున 94, రాత్రి 90 ఉంటే అడగడానికి ఏమీ లేదు. పొద్దున 94 ఉండి రాత్రి 35, 40కి పడిపోతూ ఉంటే అది నిజమైన సమస్య. ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో ఎక్కువగా ఉన్న జీపాన్ పద్ధతిలో ఒక పోర్ట్ మీద దిగే మొత్తం వేగం 2.488 గిగాబిట్లు, దాన్ని 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. అందరూ ఒకేసారి లాగితే 64 ఇళ్ల పంపకంలో ఒక్కొక్కరికి 39 ఎంబీపీఎస్ కంటే రాదు. నిజానికి అందరూ ఒకే క్షణంలో లాగరు కనుక మామూలుగా ఇది బాగానే నడుస్తుంది. ఆ పోర్ట్ దాటాక పై లైను ఇరుకుగా ఉంటేనో, పంపకం మితిమీరితేనో రాత్రుళ్లు పడిపోతుంది. దాన్ని సరిచేయవలసిన బాధ్యత ఆపరేటర్‌దే, మీరు గట్టిగా అడగవచ్చు.

అడిగేటప్పుడు "11 వస్తోంది" అని చెబితే ఆయన "అంతే వస్తుంది సార్" అనే అంటారు, ఆ మాట ఈ విషయంలో నిజం కూడా. ఇంకొంచెం ఓపికగా వివరించి ఉండవలసింది, అది వేరే సంగతి. రాత్రి వేగం నిజంగా పడిపోతే మాత్రం ఫోన్ మాట మీద వదిలేయకుండా, తేదీ, సమయం, కేబుల్ మీద చేసిన పరీక్ష అన్న సంగతి, డౌన్‌లోడ్ ఇన్ని మెగాబిట్లు, అప్‌లోడ్ ఇన్ని మెగాబిట్లు అని నాలుగు రోజుల వివరాలు స్క్రీన్‌షాట్లతో పాటు వాట్సాప్‌లో పంపండి. అలా రాసి పంపితే లైన్‌మన్‌కు కూడా ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. మీ అప్‌లోడ్ అంకె ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, పెళ్లి వీడియోకు పట్టే సమయం సరిగ్గా లెక్క వేసి చెబుతాను.